అంబాసిడర్ ఎస్‌యూ కార్బొరేటర్: యాక్సిలరేటర్ తొక్కగానే ముక్కుతోంది

పాతకారు_బెజవాడ:
నాన్నగారి 1974 అంబాసిడర్. షెడ్‌లో కార్బొరేటర్ జెట్ (పెట్రోల్ పైకొచ్చే ఇత్తడి గొట్టం), అందులో దిగే నీడిల్ కొత్తవి వేయించినప్పటి నుంచీ ఇదే తంతు. ఐడ్లింగ్ నిలకడగా ఉండదు, తొక్కితే ముక్కుతుంది, ప్లగ్గుల నిండా మసి. మెకానిక్ మూడుసార్లు మిక్స్చర్ నట్టు (గాలి, పెట్రోల్ పాళ్లు సరిచేసేది) తిప్పాడు. నాలుగోసారి "పాత బండి కదా సార్, ఇంతే" అనేశాడు. ఇంకెక్కడ చూడాలి?

గేర్‌రాడ్ బాబాయ్:
ముందు ఆ నట్టు జోలికి పోకండి. ఇంజన్ ఆపి, ఎయిర్ క్లీనర్ విప్పి, కార్బొరేటర్ పిస్టన్‌ని (ఇంజన్‌ది కాదు, నీడిల్ బిగించి ఉండేది) వేలితో పైకెత్తి వదలండి. కింద బ్రిడ్జి (జెట్ చుట్టూ ఉండే గట్టు) మీద పడగానే 'టక్'మని గట్టిగా వినబడాలి. మెత్తగా దిగిందంటే నీడిల్ జెట్‌కి రాసుకుంటోందని అర్థం. కొత్త జెట్‌ని సెంటర్ చేయకుండా, అంటే నీడిల్ సరిగ్గా మధ్యలో దిగేలా చూడకుండా బిగిస్తే జరిగేది ఇదే.

జెట్ లాక్ నట్టు (జెట్‌ని కదలకుండా పట్టి ఉంచేది, మిక్స్చర్ నట్టు కాదు) కాస్త లూజు చేయండి. పైన డ్యాంపర్ (పిస్టన్ ఒక్కసారిగా ఎగరకుండా ఆయిల్‌లో ఆపే రాడ్) తీసి, ఆ రంధ్రంలోంచి పెన్సిల్‌తో పిస్టన్‌ని కిందికి అదిమిపట్టి, జెట్‌ని పూర్తిగా పైకి నెట్టి నెమ్మదిగా బిగించండి. తర్వాత జెట్ పైకి ఉంచి ఒకసారి, కిందికి లాగి ఒకసారి వదిలి వినండి. రెండు శబ్దాలూ ఒకేలా లేకపోతే మళ్లీ మొదటికే. నాకు ఆరోసారికి కుదిరింది, నవ్వకండి.

సికింద్రాబాద్_ఫోర్‌స్పీడ్:
డ్యాంపర్‌లో ఆయిల్ ఉందా? నా బండిలో చుక్క లేదు! ఆయిల్ లేకపోతే తొక్కగానే పిస్టన్ ఒక్కసారిగా ఎగురుతుంది, పెట్రోల్ అందేలోపు గాలి ఎక్కువైపోతుంది. నేను 20డబ్ల్యూ50 ఇంజన్ ఆయిల్ పోశాను, బాగానే ఉంది.

గేర్‌రాడ్ బాబాయ్:
అవును, మర్చిపోయాను. ఇంకోటి, పిస్టన్ పట్టేస్తోందని ఎమరీ పేపర్ పెట్టి రుద్దకండి. పిస్టన్, పైనున్న చాంబర్ జతగా వస్తాయి, పెట్రోల్‌తో కడిగితే చాలు.

పద్మిని1100:
మాది సోలెక్స్ కార్బొరేటర్, ఈ పిస్టన్ గొడవే లేదు. జెట్లలో పిన్నీసు మాత్రం పెట్టనివ్వను. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైపోతే పెట్రోల్ తాగేస్తుంది. గాలి కొట్టిస్తే సరిపోతుంది. అన్నట్టు, ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి పాత రబ్బరు పైపులు ఉబ్బుతాయి, అవీ చూడండి.

పాతకారు_బెజవాడ:
ఆదివారం మొత్తం దీనికే పోయింది. బాబాయ్ గారు చెప్పినట్టే 'టక్' లేదు, పిస్టన్ జారుతూ దిగింది. సెంటర్ చేశాను, డ్యాంపర్‌లో ఆయిల్ పోశాను. ఇప్పుడు వంటింట్లోకి కూడా వినబడేంత శబ్దం! మిక్స్చర్ నట్టు పూర్తిగా పైకి బిగించి, అక్కడి నుంచి 12 పలకలు (నట్టుకి ఆరు పలకలు), అంటే రెండు చుట్లు కిందికి తిప్పి స్టార్ట్ చేశాను. మరి మిక్స్చర్ కుదిరిందని ఎలా తెలుసుకోవాలి?

గేర్‌రాడ్ బాబాయ్:
ఇంజన్ బాగా వేడెక్కాక, కార్బొరేటర్ పక్కనున్న పిన్‌తో పిస్టన్‌ని మిల్లీమీటరు కంటే తక్కువే ఎత్తండి. స్పీడు పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోల్ ఎక్కువ. ఆగిపోబోతే తక్కువ. కాస్త పెరిగి మళ్లీ మామూలుకొస్తే సరిగ్గా ఉన్నట్టు. ఒక్కొక్క పలకే తిప్పండి. పైకైతే పెట్రోల్ తగ్గుతుంది, కిందికైతే పెరుగుతుంది.

పాతకారు_బెజవాడ:
ఆగిపోబోయింది. రెండు పలకలు కిందికి తిప్పితే కుదిరింది. బెంజ్ సర్కిల్ దాకా వెళ్లొచ్చాను, ఒక్కసారీ ముక్కలేదు. కానీ పాత నీడిల్ డబ్బాలో దొరికింది. దాని మెడ మీద రకం తెలిపే అక్షరాలు, కొత్తదాని మీదివి ఒకటి కావు. మళ్లీ విప్పాలా బాబాయ్ గారూ?