పాత లారీలో ఏసీ పైపు మీది ఫోమ్ పొడిపొడిగా రాలిపోతోంది, ఎలా మార్చుకోవాలి?

పిడుగురాళ్ల లారీ యజమాని:

అందరికీ నమస్కారం. మాది 2012 మోడల్ పది టైర్ల లారీ. ఏసీ లేకుండా వచ్చిన బండి కావడంతో ఐదేళ్ల తర్వాత బయట పెట్టించుకున్నాము. ఇక్కడి నుంచి సున్నం, సిమెంటు వేసుకుని చెన్నై వైపు తిరుగుతూ ఉంటుంది. ఇంజన్ వైపు నుంచి క్యాబిన్‌లోకి వెళ్లే లావు పైపు మీది నల్ల ఫోమ్ గట్టిపడిపోయి, వేలితో నొక్కితే కాల్చిన అప్పడంలా విరిగి రాలుతోంది. ఏసీ వేసిన అరగంటకు క్లీనర్ కాళ్ల దగ్గర రేకు మీద నీళ్లు నిలుస్తున్నాయి, గాలి వచ్చే జాలీల్లోంచి కూడా నల్లటి నలుసులు పడుతున్నాయి. బండి నడిపేది మా తమ్ముడే. మే నెల మధ్యాహ్నాలు వాడు ఆ క్యాబిన్‌లో ఎలా కూర్చుంటున్నాడోనని నాకు ఒకటే బెంగ. గ్యాస్ మొత్తం తీసి పైపులు విప్పితే తప్ప తొడుగు మార్చడం కుదరదని ఒక షాపులో చెప్పారు. అది నిజమేనా? సన్న పైపులకు కూడా చుట్టించాలా?

విజయవాడ ఏసీ మెకానిక్:

అన్నగారూ, తొడుగు కోసం గ్యాస్ తీయనక్కర లేదు. పొడవునా ఒక పక్క చీల్చిన రబ్బరు ఫోమ్ గొట్టం దొరుకుతుంది, దాన్ని పైపు మీదికి తొడిగి, చీలిక రెండు అంచులకూ రబ్బరు గమ్ రాసి, తడి ఆరి జిగురు వేలికి అంటీ అంటనట్టు అయ్యాక నొక్కి పట్టుకుంటే అతుక్కుపోతుంది. చీలిక కింది వైపుకు ఉండేలా తిప్పండి. కొనేటప్పుడు నీళ్లు పీల్చని నైట్రైల్ రబ్బరు ఫోమ్ అడగండి, ఎందుకంటే మామూలు స్పాంజి తడి పట్టుకుని నెలలోపే బరువెక్కి వేలాడుతుంది. 13 మిల్లీమీటర్ల మందం తీసుకోండి, చోటు ఉంటే 19 ఇంకా మంచిది. ఈ ఫోమ్ సుమారు 105 డిగ్రీల వరకే తట్టుకుంటుంది కాబట్టి సైలెన్సర్ పైపుకు దగ్గరగా వెళ్లే చోట మధ్యలో ఒక రేకు అడ్డం పెట్టించండి. ప్లాస్టిక్ ట్యాగులు ఫోమ్ నలిగేలా బిగించకండి, నలిగిన చోట మళ్లీ చెమట పడుతుంది.

చల్లగా తిరిగి వచ్చే లావు పైపుకు మాత్రమే తొడుగు వేయండి. గ్యాస్‌ను నొక్కి పంపే కంప్రెసర్ నుంచి, దాని వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కు వెళ్లే వేడి పైపుకు చుట్టకూడదు, ఆ వేడి బయటికి పోవాల్సిందే.

తొడుగు ఒక్కటే మార్చి క్యాబిన్ బాగా చల్లబడుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. ఆ పైపులోని గ్యాస్ కూలింగ్ కాయిల్‌లో తన పని ముగించుకుని వస్తున్నది, కాబట్టి దారిలో వేడెక్కితే కంప్రెసర్‌కు భారం పెరుగుతుంది గానీ మీ తమ్ముడికి తగిలే గాలి పెద్దగా మారదు. నాకు అనుమానం లోపల పైపు వేడిని పసిగట్టే బల్బు మీద, వెలిగే బల్బు కాదు. బయట పెట్టించిన ఏసీల్లో చాలావాటికి కాయిల్ నుంచి బయటికి వచ్చే పైపును ఆనించి, కాయిల్‌లోకి గ్యాస్‌ను కొలిచి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వు తాలూకు చిన్న రాగి బల్బు ఉంటుంది. దాని మీద చుట్టిన నల్ల మెత్తని టేపు ఊడితే, బల్బు పైపు చల్లదనానికి బదులు చుట్టుపక్కల గాలి వేడిని పట్టుకుంటుంది, వాల్వు అవసరానికి మించి తెరుచుకుంటుంది, ద్రవంగానే మిగిలిన గ్యాస్ కంప్రెసర్‌లోకి వెళ్లి దాన్ని పాడు చేస్తుంది. డ్యాష్‌బోర్డు కింద మూత విప్పినప్పుడు బల్బు పైపుకు గట్టిగా ఆనుకుని ఉందో లేదో చూసి, కొత్త టేపు రెండు మూడు చుట్లు వేయండి. జాలీల్లోంచి పడే నలుసులు కాయిల్ పెట్టె అంచుల ఫోమ్‌వి అయి ఉంటాయి. ఆ అంచులు అరిగితే గాలి కాయిల్‌ను తాకకుండా పక్కల నుంచి జారిపోతుంది, చల్లదనం తగ్గడానికి అది పెద్ద కారణం.

దాచేపల్లి టిప్పర్ యజమాని:

మా బండి కూడా సున్నం దుమ్ములోనే తిరుగుతుంది కాబట్టి ఒక మాట చేరుస్తున్నాను. పాత ఫోమ్ తీసిన వెంటనే కొత్తది తొడిగేయకండి. తడిసిన సున్నం అల్యూమినియాన్ని తినేస్తుంది. మా టిప్పర్‌కు ఫోమ్ ఒలిచి చూస్తే, క్లాంపు కింద అల్యూమినియం ముక్క మీద తెల్లటి పొడి పేరుకుని, దాని అడుగున ఆవగింజంత గుంటలు పడి ఉన్నాయి. ఒక గుంట చుట్టూ నూనె జిడ్డు కనిపించింది, సబ్బు నురుగు రాస్తే బుడగలు వచ్చాయి. అది చూడకుండా కప్పేసి ఉంటే ప్రతి వేసవికీ గ్యాస్ నింపించుకుంటూ ఉండేవాళ్లం. తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరబెట్టి, నూనె మరక లేదని నిర్ధారించుకున్నాకే తొడగండి. మీ షాపు వారు చెప్పినట్టు గ్యాస్ తీయాల్సి వచ్చేది ఇలా పైపే మార్చాల్సినప్పుడు. అప్పుడు రబ్బరు రింగులు, గ్యాస్‌లోని తేమను పీల్చే డ్రయర్ కూడా కొత్తవి వేయించండి.

నీళ్ల సంగతి వేరుగా చూడండి. కాయిల్ పెట్టె డ్రెయిన్ గొట్టం మూసుకుపోయినా కాళ్ల దగ్గరే కారుతుంది.

పిడుగురాళ్ల లారీ యజమాని:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న ఆదివారం బండి ఇంటి దగ్గరే ఉండడంతో నేనూ తమ్ముడూ కలిసి విప్పాము. డ్రెయిన్ గొట్టంలో సున్నం, రాలిన ఫోమ్ కలిసి బిరడాలా గట్టిపడి ఉన్నాయి. సన్న తీగతో తీసి గ్లాసు నీళ్లు పోస్తే ధారగా బండి కిందికి పోయాయి. బల్బు టేపు సగం ఊడి వేలాడుతోంది, క్లిప్పు కూడా వదులైంది. రెండూ సరిచేసి, పెట్టె అంచులకు కొత్త ఫోమ్ పట్టీ అంటించాము. పైపు మీద గుంటలు లేవు, కొత్త తొడుగు వేశాము. తమ్ముడు ఈ ఉదయం ఒంగోలు దాటాక ఫోన్ చేసి, రేకు పొడిగానే ఉందని, నలుసులు రావడం లేదని చెప్పాడు. మధ్యాహ్నం ఎండలో ఎలా ఉందో వాడు తిరిగి వచ్చాక రాస్తాను.