హోటల్లో పనిచేసేటోళ్లకు కరోనా పాజిటివ్ వస్తే గిరాకీలకు చెప్పాల్నా, వద్దా?

దేవరకొండ రోడ్డు (చర్చ మొదలుపెట్టింది), 2022 జనవరి

నల్లగొండలో మేం నెల నెలా పైసలు కట్టి తినే మెస్సుల సర్వర్ పిల్లగాడు సంక్రాంతి తర్వాత కనబడలే. అడిగితే ఊరికి పోయిండన్నడు ఓనరు. పోరడికి పాజిటివ్ అని పక్క పాన్ డబ్బా ఆయన చెప్తే తెలిసింది. మెస్సు ఒక్క పూట బంద్ కాలే. మా రూమ్మేట్ ఇంట్ల షుగరున్న తల్లి ఉంది, వారం వారం పోయొస్తడు. ముందే చెప్తే ఈ వారం పోకపోతుంటి కదా అని ఆయన గరం మీదున్నడు. ఓనర్నడిగితే "బోర్డు పెడితే రేపట్నించి కుర్చీలే మిగుల్తయ్ సారూ" అన్నడు. నేనైతే చెప్పాల్సిందే అంట. హోటల్ నడిపేటోళ్లు, పనిచేసినోళ్లు ఉంటే మాట్లాడుండ్రి.

గల్లాపెట్టె

నాది నార్కట్‌పల్లి దాటినంక హైవే మీద హోటల్. చెప్పుమనుడు అలకనే అన్నా, నష్టం మాది. 2020 మార్చిల షట్టర్ దించితే మళ్ల జూన్ 8కి ఎత్తినం, అదీ సగం సీట్లతోని. 2021 మే 12 నుంచి మళ్ల లాక్‌డౌన్, పొద్దుగాల ఆరు నుంచి పది దాకనే సడలింపు. హైవే హోటల్‌కు పొద్దుటి నాలుగు గంటలతోని ఏమొస్తది? కిరాయి మాత్రం ఎవ్వడూ ఆపలే.

ఇంకో ముచ్చట. మొదటి ఏడు మా తందూరీ మాస్టర్‌కు జ్వరమొస్తే ఎవడో ఆయన ఫొటో తీసి, మా హోటల్ పేరు రాసి వాట్సాప్ గ్రూపులల్ల తిప్పిండు. ఆఖరికి తేలింది టైఫాయిడ్. ఆ మెసేజ్ తిప్పినోళ్లు ఒక్కరన్నా "కాదంట" అని ఇంకో మెసేజ్ పెట్టిండ్రా?

రూలే కావాల్నంటే, 2020 జూన్ 4న కేంద్ర ఆరోగ్య శాఖ హోటళ్లకు ఇచ్చిన కాయితం చూడుండ్రి. లక్షణాలున్న మనిషిని వేరే గదిల ఉంచాలె, మాస్కు ఇయ్యాలె, దగ్గరి దవాఖానకో హెల్ప్‌లైన్‌కో చెప్పాలె. ఆరోగ్య శాఖోళ్లు వచ్చి ఎవరెవరు దగ్గర మెదిలిన్రో చూస్తరు. పాజిటివ్ అని తేలితే హోటల్ అంతా మందు కొట్టి కడగాలె. గిరాకీల కోసం బోర్డు పెట్టుమని అందుల నాకైతే కనబడలే.

దేవరకొండ రోడ్డు

అన్నా, ఆ కాయితంల ఉన్నదన్నా మా మెస్సాయన చేసిండా? దవాఖానకు చెప్పిండా? "ఊరికి పోయిండు" అన్న మాట ఏ రూల్ల ఉంది?

ల్యాబ్ కోటు

ఒక సంగతి ముందుగా తేల్చుకుంటే మంచిది. అన్నం ద్వారా, కూర ద్వారా ఈ వైరస్ వస్తుందనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి ఏడాదే చెప్పింది. వచ్చేది గాలి నుంచి, దగ్గరగా గడిపిన సమయం నుంచి. 2020 జనవరిలో చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒక రెస్టారెంట్లో ఏం జరిగిందో పరిశోధకులు ప్రచురించారు. కిటికీలు లేని ఏసీ హాలు, పక్కపక్కనే మూడు కుటుంబాల టేబుళ్లు. ఒక మనిషికి ఉన్న వైరస్ ఏసీ గాలి వెంట తిరిగి, ఆ మూడు కుటుంబాల్లో, ఆ మనిషితో కలిపి, మొత్తం 10 మందికి వచ్చింది. వడ్డించినవాళ్లలో ఎవరికీ రాలేదు, మిగతా టేబుళ్లవాళ్లకూ రాలేదు.

దీన్నిబట్టి పార్సిల్ తీసుకుపోయినవాళ్లు భయపడాల్సిన పనిలేదు. లోపల కూర్చుని, ఆ సర్వర్ చుట్టూ తిరుగుతుంటే అరగంట తిన్నవాళ్లకు మాత్రం తెలియాలి. హైవే హోటల్‌కు వాళ్లెవరో తెలియదు, బస్సు దిగి తిని విజయవాడ వెళ్లిపోతారు. నెలవారీ మెస్సుకు అందరి ఫోన్ నంబర్లూ ఉంటాయి. ఇద్దరికీ ఒకే నియమం అంటే నేను ఒప్పుకోను. మెస్సు ఓనర్ నలభై మందికి ఒక మెసేజ్ పెడితే సరిపోయేది, బోర్డు దాకా ఎందుకు?

పాలమూరు బస్సు

మీరంత గిరాకీకి చెప్పాల్నా వద్దా అని కొట్లాడుతున్నరు. అసలు వంట మాస్టరు ఓనరుకే చెప్తలేడు, దాని సంగతేంది?

నేను జడ్చర్ల కాడ, అంతకుముందు హైదరాబాదుల, వంటింట్లనే పనిచేసిన. మమ్ముల పండవెట్టేది హోటల్ మీద రేకుల రూముల. ఒడిశా పోరగాళ్లు, బెంగాలోళ్లు, మా పాలమూరోళ్లు, అందరికీ ఒకటే బాత్రూం. ఒకడు పొద్దున లేస్తే వాని చాపలనే రాత్రి డ్యూటీ చేసినోడు పండేది. కింద హాల్ల టేబులు టేబులుకు ఆరడుగులు కొలిచి గీతలు గీసిన్రు. మీద మా చాపలకు నడుమ జానెడు జాగ లేకుండె. ఇగ మాస్కంటరా, తందూర్ ముంగట నిలబడి చూడుండ్రి. చెమటకు తడిసి మూతికి అతుక్కుంటది, శ్వాస ఆడది. చెకింగ్ అంటే మీదికి, పోయినంక గడ్డం కిందికి.

జ్వరమొస్తే ఏం చేస్తుంటిమి? డోలో ఏసుకొని పొయ్యి కాడికే. పాజిటివ్ అంటే ఆ దినాల పగారు కట్. నెల మధ్యల కట్ అయితే ఇంటికి పంపేది ఏముంటది? మా వోడొకడు వాసన తెలుస్తలేదని కూరల ఉప్పు, మసాల అన్నీ నాతోని చూపిచ్చుకుండు గని నోరు మాత్రం ఇప్పలే. తప్పు వానిదంటరా? నేననను.

రిటైర్డ్ సారు, సూర్యాపేట

తమ్ముడి మాటకు వందేళ్ల కిందటి సాక్ష్యం ఉంది. న్యూయార్క్‌లో మేరీ మలన్ అనే వంటమనిషి. ఆమెకు జబ్బు లక్షణాలేవీ లేవు, కానీ ఒంట్లో టైఫాయిడ్ క్రిమి ఉండేది. 1907లో పట్టుకెళ్లి ఒక దీవిలో ఉంచారు. మళ్లీ వంట పని చేయనని మాట తీసుకుని 1910లో వదిలారు. బట్టలుతికే పని దొరికింది, కూలి వంటకన్నా తక్కువ. కొన్నాళ్లకు పేరు మార్చుకుని వంటకే పోయింది. 1915లో ఒక ప్రసూతి ఆస్పత్రిలో 25 మందికి టైఫాయిడ్ వచ్చింది, ఇద్దరు చనిపోయారు. ఆమెను మళ్లీ దీవికే పంపారు, 1938లో పోయేదాకా అక్కడే. అందరూ ఆమె మొండితనం గురించే చెబుతారు. వంట మానిపించినవాళ్లు వంటకు సరిపడా కూలి ఎందుకు చూపలేదని ఎవరూ అడగరు.

మన దగ్గర 2020 ఏప్రిల్‌లో సూర్యాపేట మార్కెట్ దగ్గర కేసులు పెరిగినప్పుడు చూశాను. వీధి పేరు బయటికొచ్చిందంటే ఆ వీధి మనుషులకు పాలు పోసేవాడు కూడా దొరకలేదు.

కర్రీ పాయింట్ అక్క, మిర్యాలగూడ

నేను చెప్పిన. చెప్పినంక ఏమైందో ఇనుండ్రి.

పోయినేడు మా దగ్గర గిన్నెలు తోమే ఆమెకు వచ్చింది. రోజూ వచ్చేటోళ్లకు నేనే ఫోన్లు చేసిన. షాపు కడిగిపిచ్చి, నాకూ మా ఆయనకూ టెస్టు చేపిచ్చుకొని మళ్ల తెరిచిన. గిరాకీ సగానికి పడ్డది, నెల తిరిగేసరికి చాన మంది మళ్లొచ్చిన్రు. నాకు పోయింది గంతే. గని ఎవరికి వచ్చిందని కాలనీల ఒక్కొక్కరు అడుగుడు, నేను పేరు చెప్పకున్నా ఆళ్లే కనుక్కునుడు. ఆమె ఇంటి ఓనరు రూము ఖాళీ చెయ్యిమన్నడు. ఇద్దరు చిన్న పిల్లలతోని అక్క ఇంటికి పోయింది. పేర్లు, ఏరియాలు బయట పెట్టొద్దని సర్కారు 2020లనే చెప్పింది, ఎవరిన్నరు?

గందుకే ఇప్పుడైతే "మా దగ్గర ఒకరికి వచ్చింది, ఈ మూడు దినాలల్ల లోపల కూసొని తిన్నోళ్లు జర చూసుకోండ్రి" అని మెసేజ్ పెడ్త. ఆడా మొగా కూడా చెప్ప.

దేవరకొండ రోడ్డు

అక్కా, మాకు గంత మెసేజే కావాల్సింది. పిల్లగాని పేరు మేమడగలే, వాడు మా చిన్న తమ్ముడసొంటోడు.

పాలమూరన్న చెప్పినంక ఇంకోటి అడగాల్ననిపిస్తుంది. గల్లాపెట్టె అన్నా, మీ దగ్గర పాజిటివ్ వచ్చినోళ్లకు పగారు ఇచ్చిన్రా?

గల్లాపెట్టె

సగం ఇచ్చిన. నా దగ్గర ఏ పైసలుండె అప్పుడు?

ల్యాబ్ కోటు

మీ దగ్గర పది మంది, అంతకన్నా ఎక్కువ ఉంటే ఈఎస్ఐ (పనివాళ్ల ఆరోగ్య బీమా) కిందికి వస్తారు కదా. నెలకు 21,000 లోపు జీతమున్నవాళ్లకు ఓనర్ 3.25 శాతం, పనివాడు 0.75 శాతం కడితే, జబ్బు పడ్డప్పుడు జీతంలో 70 శాతం ఈఎస్ఐ కార్పొరేషనే ఇస్తుంది, ఏడాదికి 91 రోజుల దాకా. మీ జేబులోంచి ఇవ్వక్కర్లేదు. ఇప్పుడు ఇంట్లో ఉండాల్సింది కూడా మొదటి ఏడాదిలాగా 17 రోజులు కాదు. ఈ 2022 జనవరి 5న మళ్లీ మార్చారు, పాజిటివ్ వచ్చిన రోజు నుంచి 7 రోజులు, ఆఖరి మూడు రోజులు జ్వరం ఉండకూడదు.

పాలమూరు బస్సు

సారూ, ఈఎస్ఐ ముచ్చట బాగనే ఉంది. పద్నాలుగు మంది చేసే కాడ రిజిస్టర్ల తొమ్మిది మందే ఉంటరు. ఎందుకుంటరో అన్నకు ఎర్కే.

గల్లాపెట్టె

అందర్నీ ఒక్క గాటికి కట్టకు తమ్మీ. నా దగ్గర రాసినోళ్లున్నరు. నెలకోడు మారే పోరగాళ్లను రాపిస్తే నంబరొచ్చేసరికి వాడు ఉండడు, గది నిజం. రాయకపోయేది నిజమే అనుకో.

రిటైర్డ్ సారు, సూర్యాపేట

ఆహార భద్రత లైసెన్సు ఫ్రేము కట్టి గల్లా వెనక తగిలిస్తారు. ఆ లైసెన్సుకు సంబంధించిన 2011 నిబంధనల్లోనే ఉంది, అంటువ్యాధి ఉన్న మనిషిని తిండి ముట్టుకునే పనిలో పెట్టొద్దని, ఏడాదికోసారి పనివాళ్లకు వైద్య పరీక్ష చేయించాలని. మానిపించమన్నారు సరే, ఆ రోజుల కూలి ఎవరిమీద వేయాలో కూడా అక్కడే రాసి ఉంటే మన చర్చ సగం అయిపోయేది.

కర్రీ పాయింట్ అక్క, మిర్యాలగూడ

గల్లాపెట్టె అన్నా, నాది నలుగురు పనోళ్ల షాపు, నాకు ఈఎస్ఐ రాదు. ఆమెకు ఇంట్ల ఉన్న దినాలకు మొత్తం కూలి ఇచ్చిన. గందుకే మొన్న గొంతు గరగర అనంగనే తనే ఫోన్ చేసి "అక్కా, నేను ఇయ్యాల రాను, టెస్టుకు పోత" అన్నది. నెగెటివ్ వచ్చింది, మర్నాడే పనికొచ్చింది.

గల్లాపెట్టె

ఏడు దినాలే అంటే ఇయ్యొచ్చక్కా. పదిహేడు దినాలున్నప్పుడు నా పానం పోయింది. రేపు మాస్టర్లందర్నీ కూసోబెట్టి చెప్త, జ్వరమొస్తే పగారు కట్ గాదు, దాయొద్దని. మీది రూముల రెండు చాపలు కింద స్టోరుకు దించుత. బోర్డు మాత్రం పెట్ట, గా ముచ్చట మళ్ల తియ్యకుండ్రి.