పోయినేడు 10,416 డాలర్ల రిఫండ్, ఈ ఏడు 10,778 ఎదురు కట్టాలి. జీతంలోంచి ట్యాక్స్ ఎంత కట్ చేయాలో కంపెనీకి చెప్పే డబ్ల్యూ-4 ఫారంలో ఎక్కడ పొరపాటు చేశాం?

ఏలూరు అమ్మాయి, ఫ్రిస్కో (మార్చి 2026)

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా సరిగ్గా నిద్ర పట్టడం లేదు. ఏదీ దాచకుండా రాస్తున్నాను, తప్పు ఎక్కడుందో చెప్పండి.

మేం టెక్సస్‌లో ఉంటాం కాబట్టి స్టేట్ ట్యాక్స్ లేదు. మా ఆయనది హెచ్-1బీ ఉద్యోగ వీసా, నాది దాని మీద భార్యకిచ్చే హెచ్-4. పాపకి మూడేళ్లు, ఇక్కడే పుట్టింది. 2024లో ఆయన ఒక్కరిదే సంపాదన, ఏడాది జీతం, కట్ అయిన ట్యాక్స్ చూపే డబ్ల్యూ-2 కాగితంలో బాక్స్ 1 (ట్యాక్స్ పడే జీతం) అంకె 128,000. ఫైల్ చేస్తే 10,416 డాలర్లు వెనక్కి వచ్చాయి. ఆ డబ్బుతోనే ఏలూరు వెళ్లి పాపకి చెవులు కుట్టించాం, మా అత్తగారి మోకాలి ఆపరేషన్‌కి ఇచ్చాం. రిఫండ్ పడే నెల మా ఇంట్లో పండగ నెల.

అంత రిఫండ్ వస్తోందంటే ప్రభుత్వానికి ఏడాదంతా వడ్డీ లేని అప్పు ఇస్తున్నట్టేనని ఆఫీసులో ఎవరో ఆయనతో అన్నారు. ఆలోచిస్తే నిజమే అనిపించింది. అప్పటిదాకా పెళ్లికి ముందు ఇచ్చిన సింగిల్ డబ్ల్యూ-4 ఫారమే నడుస్తోంది. 2025 జనవరిలో దాన్ని మ్యారీడ్ ఫైలింగ్ జాయింట్‌లీగా (భార్యాభర్తలు కలిపి ఫైల్ చేసేదిగా) మార్చి, పిల్లల పేరున ట్యాక్స్‌లో తగ్గే క్రెడిట్ రాసే స్టెప్ 3లో పాప కోసం 2,000 వేశారు. రెండు వారాలకోసారి చేతికి నాలుగు వందల పైచిలుకు ఎక్కువ రావడం మొదలైంది.

ఏప్రిల్‌లో నాకు ఈఏడీ (ఉద్యోగం చేసుకునే అనుమతి) వచ్చింది, వెంటనే టెస్టింగ్‌లో ఉద్యోగం కూడా. ఇండియాలో మానేసిన ఐదేళ్లకి నా పేరు మీద జీతం వస్తే ఎంత సంతోషమో మాటల్లో చెప్పలేను. ఏడాదికి 90,000, తొమ్మిది నెలలకి 67,500 వచ్చింది. ఆయనకి ఆ ఏడు 132,000. చేరిన రోజు హెచ్‌ఆర్ లింకు పంపితే, ఆయన ఫారం పక్కన పెట్టుకుని అచ్చం అలాగే నింపాను. పాపకి 2,000 కూడా వేశాను.

మొన్న ఆదివారం లెక్క వేస్తే 2025కి ఇద్దరి ట్యాక్స్ కలిపి 24,588, కట్ అయింది 13,810. ఇంకా 10,778 కట్టాలి. మా సేవింగ్స్ మొత్తం కలిపితే 14 వేలు.

పెనాల్టీ కూడా పడుతుందా? ఈ ఏడు ఇప్పటికే ఇద్దరికీ ఆరేసి పేచెక్‌లు అయిపోయాయి, అవీ ఇలాగే కట్ అయ్యాయి. ఇద్దరం మళ్లీ సింగిల్ పెట్టేసుకుని పెద్ద రిఫండ్ తీసుకోవడమే మేలా?

నిడదవోలు బాబాయ్, ఎడిసన్

అమ్మా, ముందు స్థిమితపడు. పెనాల్టీ పడదు.

నేను సీపీఏని (లైసెన్స్ ఉన్న అకౌంటెంట్‌ని) కాదు. ఇక్కడికి వచ్చి 22 ఏళ్లయింది. ప్రతి ఏడూ ఫిబ్రవరి, మార్చి నెలల్లో లైబ్రరీలో ఉచితంగా ట్యాక్స్ ఫారాలు నింపే వాలంటీర్లలో ఒకణ్ని. నీలాగే ఈఏడీతో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆడపిల్లలు ఇదే కాగితం పట్టుకుని కన్నీళ్లతో రావడం చాలాసార్లు చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

పెనాల్టీ సంగతి. ఆ ఏడాది ట్యాక్స్‌లో 90 శాతమైనా, దాని ముందటేడు ట్యాక్స్‌లో 100 శాతమైనా కట్ అయి ఉంటే తక్కువ కట్టినందుకు వేసే పెనాల్టీ ఉండదు. మీ 2024 ట్యాక్స్ పిల్ల క్రెడిట్ పోను 9,842. మీకు 13,810 కట్ అయింది, సరిపోయింది. కానీ ఈ గొడుగు వచ్చే ఏడు ఇంత పెద్దగా ఉండదు. ముందటేడు ఆదాయం లక్షా యాభై వేలు దాటితే 100 శాతం కాస్తా 110 శాతం అవుతుంది. మీరు దాటారు. 24,588కి 110 శాతమంటే 27 వేల పైమాటే. ఈ ఏడూ ఇలాగే వదిలేస్తే పెనాల్టీ కూడా కట్టుకోవాలి.

ఇక తప్పు ఎక్కడ జరిగిందంటే, ఏ కంపెనీ పేరోల్‌కి ఆ కంపెనీ జీతమే కనిపిస్తుంది. మీ ఆయన కంపెనీ ఆయన ఒక్కడే సంపాదిస్తున్నాడనుకుని జంట మొత్తానికి దక్కే స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో ట్యాక్స్ పడని భాగం), తక్కువ రేటున్న కింది శ్లాబులు అన్నీ ఆయనకే ఇచ్చేసింది. నీ కంపెనీ కూడా నువ్వొక్కదానివే అనుకుని అవే మళ్లీ నీకిచ్చింది. నిజానికి అవి ఇంటికి ఒక్కసారే. మీ ఆయన 132,000లోంచి 2025 డిడక్షన్ 31,500 తీసేస్తే 100,500. జంటకి 12 శాతం శ్లాబు 96,950 దగ్గరే ఆగిపోతుంది. అంటే నీ జీతం మొదలయ్యేసరికే కింది శ్లాబులు నిండిపోయాయి. నీ 67,500లో ప్రతి డాలరూ 22 శాతంలోకే వచ్చి పడింది. దానికి ట్యాక్స్ 14,850, నీ పేరోల్ కట్ చేసింది 3,542. ఆయన జీతం ఒక్కటే అయితే 530 డాలర్లు వెనక్కి వచ్చి ఉండేవి. పాపని ఇద్దరూ వేసుకోవడం చిన్న తప్పు. పెద్దది స్టెప్ 2(సి) గడి ఖాళీగా వదిలేయడం. ఇద్దరూ ఉద్యోగం చేస్తుంటే ఆ గడిలో ఇద్దరూ టిక్ పెట్టాలి.

2026కి నీ అంకెలతోనే వేసి చూశాను. ఇద్దరి జీతం 222,000, డిడక్షన్ 32,200, పాప క్రెడిట్ 2,200 పోను ట్యాక్స్ 28,980. ఇద్దరూ గడిలో టిక్ పెట్టి, పాపకి 2,200 మీ ఆయన ఫారంలో మాత్రమే వేస్తే ఏడాదికి 29,184 కట్ అవుతుంది. తేడా రెండు వందలే. పిల్లల క్రెడిట్ ఎప్పుడూ ఎక్కువ జీతం ఉన్నవాళ్ల ఫారంలో వేయండి, రెండోదాంట్లో స్టెప్ 3 ఖాళీగా ఉంచండి.

సింగిల్ పెట్టుకుందామా అన్నావు, అది తెలివితక్కువ ఆలోచనేం కాదు. ఆ గడిలో టిక్ పెడితే పేరోల్ దాదాపు సింగిల్ లెక్కే వేస్తుంది. కాకపోతే ఉన్నది ఉన్నట్టు రాసి టిక్ పెట్టడమే సరైన పద్ధతి.

అయిపోయిన ఆరు పేచెక్‌ల లోటు సుమారు 3,300. ఇంకా ఇరవై ఉన్నాయి. ఆయన ఫారంలో 4(సి) దగ్గర పేచెక్‌కి 170 అదనంగా కట్ చేయమని రాయించండి. 2027 జనవరిలో ఆ 170 తీసేయడం మర్చిపోవద్దు, క్యాలెండర్‌లో ఇప్పుడే రాసుకోండి. జీతాలు మారినా, బోనస్ వచ్చినా ఐఆర్ఎస్ (అమెరికా ట్యాక్స్ శాఖ) సైటులో, ఎంత కట్ అవ్వాలో లెక్క చెప్పే విత్‌హోల్డింగ్ ఎస్టిమేటర్‌లో మళ్లీ చూసుకోండి. తాజా పేస్టబ్‌లు (జీతం చీటీలు) రెండూ దగ్గర పెట్టుకుంటే అరగంట పని.

ఓరుగల్లు, షార్లెట్

అక్కా, బాబాయ్ లెక్కలు చెప్పిండు. పెద్ద రిఫండే మేలా అన్నరు గదా, దాని మీద నాదొక మాట.

నేను గూడ కావాలనే సింగిల్ పెట్టుకొని కట్ చేయించుకునేటోణ్ని. చేతిల ఉంటే ఖర్చయితదని భయం. 2023 నవంబర్ల నా ఉద్యోగం పోయింది. హెచ్-1బీ మీద ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకునేటందుకు 60 రోజుల గడువు. రెంట్, కారు ఈఎంఐ, ఇంట్ల చిన్న బాబు. అప్పటికి ఆ ఏడాదిల నాకు రావాల్సిన రిఫండ్ ఏడు వేల దాక ఉండె. నా పైసలే, కని నాకు అక్కరున్న రోజుల ముట్టలేకపోయిన. ఏడాది ముగియాలె, డబ్ల్యూ-2 రావాలె, ఫైల్ చేయాలె, అప్పుడు గని రాదు. ఆ రెండు నెలలు క్రెడిట్ కార్డు మీద బతికినం, 24 శాతం వడ్డీ. రిఫండ్ మార్చిల పడ్డది. అప్పటికే వేరే ఉద్యోగం దొరికింది, పడ్డదంత కార్డుకే పోయింది.

వడ్డీ లేని అప్పు అని అందరు అంటరు. నిజం చెప్తున్న, మీ పది వేలు ఏడాది పొడుగునా కొద్దికొద్దిగ సేవింగ్స్‌ల వేసుకున్నా 4 శాతం లెక్కన రెండు వందల డాలర్లు వస్తయేమో. దానికోసం నిద్ర చెడగొట్టుకునేంత లేదు. మన వీసాల మీద ఉన్నోళ్లకు అసలు నష్టం వడ్డీ కాదు, అవసరమున్న రోజు పైస చేతిల లేకపోవుడు.

ఖర్చయితదని భయముంటే ఇట్ల చేయుండ్రి. పేరోల్‌ల డైరెక్ట్ డిపాజిట్‌ను రెండు అకౌంట్లకు పంచొచ్చు. నేను పేచెక్‌కు 300 వేరే బ్యాంకుల సేవింగ్స్‌కు పంపుత. ఆ అకౌంట్‌కు డెబిట్ కార్డు తీసుకోలే. అదే మా ఇంటి రిఫండ్ ఇప్పుడు, కని ఏ రోజు కావాల్నంటే ఆ రోజు తీసుకోవచ్చు.

ఇంకొకటి. 14 వేలల్ల 10,778 ఒక్కసారే కట్టి ఖాళీ కాకుండ్రి. ఏప్రిల్ 15 లోపల రిటర్న్ మాత్రం తప్పక ఫైల్ చేయుండ్రి, ఫైల్ చేయకుంటే బాకీ మీద నెలకు 5 శాతం. కట్టలేని భాగానికి ఐఆర్ఎస్ సైట్లనే 180 రోజులల్ల కట్టుకునే ప్లాన్ ఉంటది, సెటప్ ఫీజు లేదు. మిగిలిన దాని మీద వడ్డీ, నెలకు అర శాతం పెనాల్టీ పడతయి. మూడు వేలకు అదేమంత పెద్దది కాదు. ఇంట్ల నెల ఖర్చుకు సరిపోయే పైసలు ఉంచుకోవుడే ముఖ్యం.

గుంటూరు, సన్నీవేల్

మీ వారికి ఆర్‌ఎస్‌యూలు (జీతంతో పాటు కంపెనీ ఇచ్చే షేర్లు) ఉన్నాయా? ఉంటే పై లెక్కంతా మారిపోతుంది. షేర్లు వెస్ట్ అయినప్పుడు (మన సొంతం అయినప్పుడు) కంపెనీలు సాధారణంగా 22 శాతమే కట్ చేస్తాయి, పది లక్షల డాలర్లు దాటే వరకు అంతే. మేము 32 శాతం శ్లాబులో ఉన్నాం. ప్రతి వెస్టింగ్‌కీ పది శాతం చొప్పున బాకీ పేరుకుంటూ పోయింది, రెండేళ్లు గమనించలేదు.

ఇండియాలో ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్లు (ఎన్‌ఆర్‌ఐల బ్యాంకు డిపాజిట్లు) ఉంటే ఆ వడ్డీ కూడా వేసుకోండి. అక్కడ ట్యాక్స్ లేదు కాబట్టి ఇక్కడా లేదనుకుంటారు చాలామంది. ఇక్కడ ఉంది. స్టెప్ 4(ఎ)లో ఏడాది మొత్తం వడ్డీ రాస్తే పేచెక్‌లోంచే కొద్దికొద్దిగా కట్ అయిపోతుంది.

జీతంలోంచి కట్ అయిన ట్యాక్స్ ఎప్పుడు కట్ అయినా ఏడాదంతా సమానంగా కట్టినట్టే చూస్తారు. విడిగా కట్టే ఎస్టిమేటెడ్ ట్యాక్స్‌కి ఆ వెసులుబాటు లేదు. కాబట్టి నవంబర్‌లో లోటు కనిపించినా మిగిలిన పేచెక్‌లలో 4(సి) పెంచి సర్దుకోవచ్చు. మేము పోయినేడు అలాగే గట్టెక్కాం.

ఏలూరు అమ్మాయి, ఫ్రిస్కో (ఏప్రిల్ 2026)

బాబాయ్ గారూ, తమ్ముడూ, సన్నీవేల్ అన్నా, ముగ్గురికీ చేతులెత్తి నమస్కారం. ఆర్‌ఎస్‌యూలు లేవు. ఎన్‌ఆర్‌ఈలో మా నాన్నగారు వేయించిన చిన్న డిపాజిట్ ఒకటి ఉంది, ఆ వడ్డీ ఇన్నాళ్లూ వదిలేశాం. దాన్నీ కలిపి మళ్లీ లెక్క వేశాం, బాకీ కొద్దిగా పెరిగింది. పాత ఏళ్లవి కూడా సరిచేస్తాం.

ఆ రాత్రే ఇద్దరం కూర్చుని రెండు ఫారాలూ మార్చాం. నా ఫారంలో స్టెప్ 3 దగ్గర పాపకి వేసిన 2,000 తీసేస్తుంటే ఎందుకో మనసు చివుక్కుమంది, కానీ తీసేశాను. ఏప్రిల్ 15 లోపే ఫైల్ చేసి, ఐఆర్ఎస్ సైటులోని డైరెక్ట్ పేలో 8,000 కట్టాం. మిగతాది 180 రోజుల ప్లాన్‌లో పెట్టాం, ఆగస్టుకల్లా తీర్చేయాలని.

మొన్న శుక్రవారం పేస్టబ్‌లు చూశాం. నాకు ఫెడరల్ ట్యాక్స్ ఇదివరకు 171 కట్ అయ్యేది, ఇప్పుడు 422. ఆయనకి 365 ఉండేది, 170తో కలిపి ఇప్పుడు 870. ఇద్దరికీ కలిపి రెండు వారాలకి చేతికొచ్చేది 750 పైనే తగ్గింది. కష్టంగానే ఉంది, పాప డేకేర్ ఫీజు ఒక్కటే నెలకి 1,300. తమ్ముడు చెప్పినట్టు వేరే అకౌంట్ తెరిచాను. ఇప్పటికి పేచెక్‌కి 50 మాత్రమే పంపగలుగుతున్నాం. జనవరిలో ఆ 170 తీసేయగానే దాన్నీ అందులోకే మళ్లిస్తాం.