నల్ల బండ నేల, సాంబ్రాణి పొగ: బ్లెండర్‌లో సహజంగా రావాలంటే?

మిద్దెరెండర్ (కడప): బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో పాత మిద్దె హాలు బొమ్మ చేస్తున్నా. నేలంతా పాలిష్ పట్టిన నల్ల కడప బండ, మూలలో సాంబ్రాణి ధూపం. సైకిల్స్ (వెలుగు దారులు లెక్కగట్టి బొమ్మ తీసే బ్లెండర్ ఇంజిన్)లో నేల అతిగా మెరుస్తోంది, పొగేమో దూది ఉండలా ఉంది. నేల రఫ్‌నెస్ (గరుకుదనం) 0.05, పొగ డెన్సిటీ (చిక్కదనం) 5. శనివారం క్లయింటుకు చూపించాలి, టెన్షన్‌గా ఉంది. కాస్త చెప్పండన్నా.

బేతంచర్లబండ (కర్నూలు): ముందు మెటాలిక్ (లోహపు గుణం) 0లో ఉందో లేదో చూడు తమ్ముడూ. ఐఓఆర్ (వక్రీభవన గుణకం) 1.5 అయితే నిట్టనిలువుగా చూసినప్పుడు వెలుగులో 4 శాతమే తిరిగొస్తుంది. చూపు ఏటవాలయ్యేకొద్దీ పెరుగుతుంది. కెమెరా మరీ కింద పెడితే ఏ రాయైనా మెరుస్తుంది మరి.

అసలు సంగతి రఫ్‌నెస్. నేలంతా ఒకే అంకె పెట్టొద్దు. నడిచే దారిలో పాలిష్ అరిగి మసకబారుతుంది, గోడ వారన మెరుపు నిలుస్తుంది. నాయిస్ టెక్స్చర్ (చెదురుమదురు మచ్చల నమూనా)తో 0.15 నుంచి 0.4 దాకా మార్చు. సందుల్లో సిమెంటు మెరవనే కూడదు. ఇంకోటి, ఏ మేస్త్రీ పరిచినా బండలన్నీ ఒకే మట్టంలో ఉండవు. మా ఇంట్లో తడిగుడ్డ పెట్టాక చూస్తే కిటికీ ప్రతిబింబం ఒక బండ దాటి ఇంకో బండ మీదికి పోయేచోట కాస్త పక్కకు జరిగి ఉంటుంది. ఒక్కో బండనూ వెంట్రుకవాసి వంచు, చాలు.

ధూపంఅక్క (అనంతపురం): పొగకు డెన్సిటీ కాదు, వెలుగు ముఖ్యం. దీపం పొగ వెనక్కి జరుపు, యానిసోట్రోపీ (పొగలో వెలుగు ఏ దిక్కుకు చెదరాలో చెప్పే అంకె) 0.5 చెయ్యి, అంచులు వెలుగుతాయి. లైట్ పాత్స్ సెట్టింగుల్లో వాల్యూమ్ బౌన్సులు (పొగలో వెలుగు ఎన్నిసార్లు చెదిరి తిరగాలన్నది) మామూలుగా 0 ఉంటాయి, అందుకే తెల్లపొగ మురికిగా కనిపిస్తుంది. 4 పెట్టు. డొమైన్ (పొగను లెక్కగట్టే పెట్టె) రిజల్యూషన్ 32 చాలదు. రెట్టింపు చేస్తే వోక్సెల్స్ (ఆ పెట్టెలోని చిన్న గడులు) 8 రెట్లవుతాయి కాబట్టి డొమైన్‌ను హాలంతా పరచకుండా ధూపం చుట్టూ మాత్రమే ఉంచు.

ఈవీభక్తుడు: ఒక్క స్టిల్‌కు ఇంత బేకింగ్ (పొగ కదలికను ముందే లెక్కగట్టి దాచడం) ఎందుకు బ్రో? పొగ వీడియోను ప్లేన్ (చదును పలక) మీద అతికించెయ్.

ధూపంఅక్క: కెమెరా కదలకపోతే సరే. కానీ నేల మీది ప్రతిబింబంలో ఆ ప్లేన్ పలచని రేకని తెలిసిపోతుంది. పైగా ఈవీ (బ్లెండర్‌లోనే ఉన్న వేగవంతమైన ఇంకో ఇంజిన్)లో తెర మీద లేని వస్తువు ప్రతిబింబంలోకి రావాలంటే లైట్ ప్రోబ్ (చుట్టూ ఉన్న వెలుగును పట్టి ఉంచేది) పెట్టాల్సిందే.

మిద్దెరెండర్: నేల కుదిరిందన్నా! పొగ కూడా బాగానే లేస్తోందక్కా, కానీ డీనాయిజ్ (బొమ్మలో చుక్కచుక్కల గరుకును తుడిచేది) కొట్టగానే సన్నటి తీగలన్నీ మాయం.

బేతంచర్లబండ: పొగను వేరే వ్యూ లేయర్ (విడిగా తీసే పొర)లో, శాంపిల్స్ (ఒక్కో చుక్కకు వెలుగు లెక్కలు) పెంచి, డీనాయిజ్ లేకుండా తియ్యి. తర్వాత కంపోజిటర్ (పొరలు కలిపే చోటు)లో కలుపుకో. కాస్త గ్రెయిన్ (చుక్కల గరుకు) మిగిలినా పొగకు అందమే.