గుంటూరులో జువెనైల్ కేసు ఉండగా విజయవాడలో బండి కేసు: బెయిల్ పోతుందా?

మా అక్క కొడుక్కి 17 ఏళ్లు. సెల్‌ఫోన్ దొంగతనం కింద, బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 303(2), గుంటూరు జువెనైల్ జస్టిస్ బోర్డులో (మైనర్ల కేసులు విచారించే బోర్డు) కేసు నడుస్తోంది. మా బావ బాండు మీద బెయిల్ ఇచ్చారు. మళ్లీ ఏ నేరంలోనూ దొరకకూడదని షరతు. వచ్చే వాయిదా ఈ నెల 24న.

మొన్న శనివారం రాత్రి విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర లైసెన్సు లేకుండా బావ బండి నడుపుతూ పట్టుబడ్డాడు. యాక్సిడెంట్ లేదు, తాగి లేడు. బండి సీజ్ చేశారు. మోటారు వాహనాల చట్టం 199ఏ కింద బావ మీద కేసు, 25 వేల జరిమానా అంటున్నారు. వాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు కూడా రాదట. ఆ తలనొప్పి మేం పడతాం.

గుంటూరు వకీలు గారు "వాయిదా నాడు చూద్దాం" అని ఫోన్ పెట్టేశారు. ట్రాఫిక్ స్టేషన్లో అడిగితే బోర్డు విషయం తమకు తెలీదన్నారు. జువెనైల్ జస్టిస్ చట్టం తిరగేశాను. గరిష్ఠంగా మూడేళ్ల దాకా శిక్ష పడేవి చిన్న నేరాలేనని, విచారణ నాలుగు నెలల్లో, పొడిగిస్తే మరో రెండు నెలల్లో తేలాలని ఉంది. మధ్యలో ఇంకో ఊళ్లో ఇలాంటిది జరిగితే ఏంటన్నది మాత్రం దొరకలేదు. అక్కకి ఒకటే టెన్షన్.

ఈ బండి కేసు చూపించి గుంటూరు బోర్డు బెయిల్ రద్దు చేసి, పిల్లాణ్ణి అబ్జర్వేషన్ హోంకి (కేసు తేలేదాకా మైనర్లను ఉంచే చోటు) పంపే అవకాశం నిజంగా ఉందా?