గూటికి టార్పాలిన్ కప్పాను, చుక్కమ్మ పోయింది. తప్పు నాదేనా?

తాడిపత్రి పెరడు:

మాది తాడిపత్రి దగ్గర పల్లె. పెరట్లో 11 నాటుకోళ్లు ఉండేవి, ఇప్పుడు 10. పోయింది చుక్కమ్మ. నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలు, ఎడమ కాలికి ఒక వేలు వంకర. నాలుగు సంక్రాంతులు దాటిన పెట్ట అది. మా ఇంట్లో ఒక కోడి నాలుగు సంక్రాంతులు దాటడం చిన్న సంగతి కాదు. పండగకు ఆడపడుచు, ఆమె భర్త వచ్చినప్పుడల్లా అత్తమ్మ చూపు దాని మీదే పడేది. గుడ్లు పొదుగుతోందని చెప్పి తప్పించేదాన్ని, ఉన్నా లేకపోయినా. మధ్యాహ్నం నేను అన్నానికి కూర్చుంటే గడప దాటి వచ్చి నా కాలి మెట్టెను టకటకా పొడిచేది. గింజ అనుకునేదో, నన్ను పిలిచేదో.

గూడు మా ఆయన ఇల్లు కట్టగా మిగిలిన బండలతో కట్టారు. మూడు వైపులా బండ, పైన బండ, కింద బండ, ముందు జాలీ తలుపు. ఎండాకాలం హాయిగా ఉంటుంది. ధనుర్మాసం వచ్చేసరికి మాత్రం చెయ్యి పెడితే చుర్రుమనేంత చల్లదనం. అందుకని జాలీకి పైనుంచి కిందిదాకా టార్పాలిన్ కప్పి, సందు లేకుండా తాడుతో బిగించాను. రోజూ పొద్దున విప్పితే పైబండకు నీటి బొట్లు, కళ్లు మండే ఘాటు. లోపల వెచ్చగానే ఉంది కదా అని సరిపెట్టుకున్నాను.

పది రోజులకు చుక్కమ్మ మేత మానేసింది. మెడ చాచి, నోరు తెరిచి గాలి పీల్చేది. రాత్రి గురగుర. వాము, వెల్లుల్లి నూరి పెట్టాను. మందుల అంగడిలో ఇచ్చిన పొడి నీళ్లలో కలిపి పోశాను. నాలుగో రోజు తెల్లవారుజామున గంప ఎత్తితే కాళ్లు చాచి ఉంది. కరివేపాకు చెట్టు కింద పూడ్చాను.

ఇప్పుడు ఇంకో పెట్ట తుమ్ముతోంది. మిగతావి నెల నుంచి గుడ్లు పెట్టడం లేదు. అత్తమ్మ దిష్టి అంటున్నారు. ఇది చలా, తెగులా, నేను కప్పిన టార్పాలినా?

రాయచోటి కోళ్లగూడు:

అమ్మా, ముందు రెండు సంగతులు చెప్పండి. రెట్ట ఆకుపచ్చగా పడిందా? మెడ మెలి తిరిగిందా, రెక్కలు వాలాయా? అలా ఉంటే కొక్కెర తెగులు కావచ్చు, అంటే రాణిఖేత్ అనే కోళ్ల అంటురోగం. అది ఒక్క కోడితో ఆగడం అరుదు, టీకా లేని గూటిలో వారం తిరిగేలోపు వరసగా పడతాయి. మీరు రాసినదాన్ని బట్టి నాకు గాలి ఆడకపోవడమే కనిపిస్తోంది. రెట్ట తడిసి కుళ్లితే అమోనియా పుడుతుంది. మీ కళ్లను మండించింది అదే. అది రాత్రంతా కోడి గొంతును ఒరిపితే, ఏ చిన్న జబ్బయినా అక్కడే తిష్ట వేస్తుంది. అయినా కోయించి చూడకుండా దీనివల్లే చనిపోయిందని ఎవరూ ఒట్టేసి చెప్పలేరు. ఇకముందు ఏదైనా చనిపోతే పూడ్చకముందే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కోడి ఒంటి వేడి 41 డిగ్రీల దాకా ఉంటుంది. ఈకలు పొడిగా, పొట్ట నిండుగా ఉంటే మన సీమ చలి దానికి లెక్క కాదు. తడికి మాత్రం తట్టుకోలేదు. టార్పాలిన్ తీసేసి గోనెసంచి కట్టండి, పైన జానెడు వదిలేయండి. గాలి కోళ్ల నెత్తి మీదుగా పోవాలి, ఒంటికి కొట్టకూడదు. బండ మీద నాలుగు వేళ్ల మందాన వరిపొట్టు పరచండి. వేరుశనగ పొట్టయినా సరే, బూజు లేకపోతే. అడ్డంగా ఒక కర్ర వేయండి. దాని మీద కూర్చుంటే పొట్ట ఈకలతో కాలివేళ్లు కప్పుకుంటాయి. తుమ్మేదాన్ని వేరే గంపలో, వేరే నీళ్లతో ఉంచండి.

నంద్యాల పెద్దాయన:

గుడ్ల గురించి దిగులు వద్దు. ఇప్పుడు మనకు పగలు 11 గంటల పైచిలుకే. పగటి వెలుగు తగ్గితే పెట్టలు గుడ్లు తగ్గించేస్తాయి. దానికి తోడు ఈకలు రాల్చే కాలం. బల్బు పెట్టి పెట్టించేవాళ్లు ఉన్నారు. నేనైతే పెట్టను, ఏడాదంతా పెట్టిన ప్రాణం, రెండు నెలలు ఊరుకోనివ్వండి. పొద్దు వాలకముందు గుప్పెడు జొన్నలు చల్లండి, తెల్లవార్లూ అరుగుతూ ఒళ్లు వెచ్చగా ఉంటుంది.

కొక్కెర టీకా వేయించారా? ఎనిమిది వారాలు దాటినవాటికి రెక్క కింద వేసేది ఉంటుంది. జబ్బుగా ఉన్నప్పుడు వేయించకూడదు. తుమ్ములు తగ్గాక అన్నింటికీ ఒకేరోజు వేయించండి.

తాడిపత్రి పెరడు:

రెట్ట తెల్లగా, నీళ్లగా పడింది. మెడ తిన్నగానే ఉంది. టీకా నిరుడు వేయించాను, ఈ ఏడు కోతల పనిలో పడి మరిచిపోయాను. అది కూడా నా మీదే రాసుకోవాలి.

గోనెసంచి కట్టి మూడు రోజులైంది. పైబండ పొడిగా ఉంది, ఘాటు లేదు. కర్ర వేస్తే మొదటి రాత్రి ఒక్కటీ ఎక్కలేదు, నిన్న ఆరు ఎక్కాయి. తుమ్మేదాన్ని ఆసుపత్రిలో చూపించాను, మందు ఇచ్చారు, జొన్నలు తింటోంది. ఇప్పుడు అత్తమ్మ కన్ను దాని మీద పడింది. ఎలాగూ జబ్బుది, పండక్కి కోసేద్దాం అంటున్నారు. మందు తాగిన కోడిని తినకూడదని చెప్పాను. అది నిజమే కదా?

రాయచోటి కోళ్లగూడు:

నిజమే. ఎన్ని రోజులు ఆగాలో మందు ఇచ్చిన డాక్టరును అడగండి. అత్తమ్మకు మాత్రం సంక్రాంతి దాటేదాకా అని చెప్పండి.