అబ్‌హోర్‌లో ఉన్నది మన హర్షమేనా?

ప్రశ్న: షేక్‌స్పియర్ నాటకం ఒథెల్లో నాలుగో అంకంలో డెస్డిమోనా, తనను భర్త తిట్టిన మాటను పలకలేనంటూనే పలుకుతుంది. వెంటనే ‘ఇట్ డజ్ అబ్‌హోర్ మీ’ అంటుంది. అబ్‌హోర్ అంటే అసహ్యించుకోవడం. అసహ్యించుకోవలసింది ఆమె కదా, ఆ మాట ఆమెను అసహ్యించుకోవడమేంటి? భర్త తిట్టిన ‘హోర్’ (వేశ్య) అన్న మాట అబ్‌హోర్‌లోనూ వినిపించే శ్లేష ఉందని తెలుసు. వాక్యమే కుదరడం లేదు.

— అది ప్రేరణార్థకమండీ. అప్పటి ఇంగ్లీషులో ఈ క్రియకు ‘రోత పుట్టించు’ అనే అర్థం కూడా ఉండేది.

— అంతకంటే అబ్‌హోర్‌లోని ‘హోర్’ ఎక్కడిదో చూడండి. లాటిన్ ‘హొర్రేరె’ అంటే వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, వణకడం. సంస్కృతంలో దాని తోబుట్టువు ‘హృష్’. మన హర్షం ఆ ధాతువుదే.

— ధాతువు ఒకటే కావచ్చు మాస్టారూ, సంతోషానికీ రోతకీ పొత్తెలా కుదురుతుంది?

— గీతే సాక్ష్యం. మొదటి అధ్యాయంలో అర్జునుడు ‘రోమహర్షశ్చ జాయతే’ అన్నది సంతోషంతోనా? చివరి అధ్యాయంలో సంజయుడికి అదే రోమహర్షణం ఆశ్చర్యంతో కలిగింది. ఒంటికి జరిగింది ఒకటే. మన ‘గగుర్పాటు’ కూడా రెండు వైపులా పలుకుతుంది.

— రోమహర్షణం అనగానే నాకు నన్నయే. భారతం చెప్పే ఉగ్రశ్రవసుడు రోమహర్షణుడి కొడుకు. వినేవాళ్ళ ఒళ్ళు పులకరించేలా కథ చెప్పేవాడు కాబట్టి తండ్రికి ఆ పేరు. తన కవితలో ‘ప్రసన్నకథాకలితార్థయుక్తి’, అంటే ప్రసన్నమైన కథతో కూడిన అర్థాల పొందిక, ఉందన్న కవి అలాంటి కథకుడి కొడుకుతో మొదలుపెట్టడం ఎంత బాగుంది!

— నన్నయ మీద నాకూ అంతే ప్రేమ. కానీ బీభత్స రసానికి స్థాయి, అంటే మూలభావం, జుగుప్స (రోత). అందులో వెంట్రుకల ఊసే లేదు. ‘గుప్’ అంటే కాపాడటం, దానిమీద కోరికను తెలిపే సన్ ప్రత్యయం. తనను కాపాడుకోవాలనుకుని తప్పుకోవడం. కాబట్టి అబ్‌హోర్‌లో అసలు బలం ‘అబ్’ది, అంటే ‘దూరంగా’ అన్నదానిది. మీరంతా రెండో అక్షరాన్నే పట్టుకున్నారు.

— ఒప్పుకోను. డెస్డిమోనా ఎక్కడికీ తప్పుకోదు, ఆ మాటను పలికే వణుకుతుంది. అక్కడ వినిపించాల్సింది ‘హోర్’.

ప్రశ్న అడిగినవారు: మరి తెలుగులో ఏం పెట్టను? ‘ఆ మాటకే నా ఒళ్ళు జలదరిస్తోంది’ అంటే?

— జలదరింపు చలికీ వస్తుందమ్మా. ‘రోత’ లేకపోతే ఆమె బాధ సగమే. ‘పలికితేనే రోతతో ఒళ్ళు గగుర్పొడుస్తోంది’ అనండి. శ్లేష మాత్రం పోతుంది.

— శ్లేష పోతే ఆ వాక్యంలో ఇంకేం మిగిలింది? నన్నయ అయితే వదిలేవాడా!